ఛాతీలో పోటు: వేలితో చూపే నొప్పి, అరచేతితో చూపే నొప్పి

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఛాతీ నొప్పి గురించే ఉన్నాయి. రాసినవారిలో ఎక్కువమంది 35 ఏళ్ల లోపువారు. తక్కినవారు ఆ వయసు పిల్లల తల్లిదండ్రులు, తోబుట్టువులు. 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకే మరణించడం, మరుసటి ఏడాది నటుడు నందమూరి తారకరత్న 40 నిండకుండానే గుండెపోటుకు గురై కన్నుమూయడం చూశాక మన ఇళ్లలో ఈ భయం గట్టిగా నాటుకుపోయింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఆ భయం చాలాసార్లు ఉండవలసిన చోట ఉండడం లేదు. మన భాషలో ‘గుండెపోటు’ అనే మాటలోనే ‘పోటు’ ఉన్నందువల్ల, పొడిచినట్టు నొప్పి వస్తే అది గుండెదేననీ, పొడిచినట్టు లేకపోతే గ్యాస్ అనీ చాలామంది అనుకుంటున్నారు. నిజం దాదాపుగా దీనికి తలకిందులుగా ఉంటుంది. కింది ఉత్తరాలను ఆ దృష్టితో చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: నా వయసు 24. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండు నెలలుగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి ఎడమ రొమ్ము కింద సూదితో పొడిచినట్టు నొప్పి వస్తోంది. ఊపిరి పీలిస్తే మరీ కలుక్కుమంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే పోతుంది. రెండుసార్లు ఈసీజీ, ఒకసారి టూడీ ఎకో తీయించాను. అన్నీ బాగున్నాయన్నారు. అయినా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. యాంజియోగ్రామ్ చేయించుకోమంటారా డాక్టర్ గారూ? (ఒక పాఠకుడు, కొండాపూర్)

జవాబు: మీరు రాసిన లక్షణాలకు యాంజియోగ్రామ్ అవసరం లేదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా ‘ఏమీ లేదు, ఇంటికి వెళ్లండి’ అంటే మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు.

ఓపీలో నా ఎదుట కూర్చున్నవారిని నేను మొట్టమొదట ‘నొప్పి ఎక్కడో చూపించండి’ అని అడుగుతాను. మీ వయసు వారు ఎక్కువగా చూపుడువేలు చాచి ఒక చుక్క పెట్టినట్టు చూపిస్తారు. గుండెకు రక్తం అందక బాధపడేవారు సాధారణంగా వేలితో చూపించలేరు. అరచేతిని రొమ్ము మధ్య ఆనించో, పిడికిలి బిగించి అక్కడ పెట్టో ‘ఇక్కడంతా పట్టేసినట్టుంది, బరువు పెట్టినట్టుంది’ అంటారు. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గ గుర్తు కాదు గాని, ఇన్నేళ్లుగా నాకు దారి చూపుతున్న గుర్తు.

మీరు వర్ణించిన నొప్పికి వైద్యంలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. దాన్ని ప్రీకార్డియల్ క్యాచ్ అంటారు. 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు దీని గురించి రాశారు. వారిలో మిల్లర్‌కు స్వయంగా ఈ నొప్పి ఉండేది. ఇది పిల్లల్లోనూ, యువకుల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా నడుము వంచి ముందుకు కూలబడినట్టు కూర్చున్నప్పుడు వస్తుంది. కొన్ని సెకన్ల నుంచి మూడు నిమిషాల వరకు ఉండి, వచ్చినంత హఠాత్తుగానే మాయమవుతుంది. చేతికో దవడకో పాకదు, చెమటలు పట్టవు. ఊపిరి పీలిస్తే ఎక్కువవుతుంది కాబట్టి మనిషి భయపడి చిన్న చిన్న ఊపిరులు తీస్తాడు. నెమ్మదిగా నడుము నిటారుగా చేసి, ధైర్యంగా ఒక్కసారి నిండా గాలి పీలిస్తే కొందరికి అక్కడికక్కడే వదిలిపోతుంది. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. వయసుతోపాటు రావడం తగ్గిపోతుంది.

ఇదే వయసులో ఇంతకన్నా తరచుగా కనిపించేది పక్కటెముకల కీళ్ల నొప్పి. పక్కటెముక రొమ్ము ఎముకతో కలిసేచోట మృదులాస్థి ఉంటుంది. కొత్తగా జిమ్‌లో చేరి బరువులెత్తినా, పదిహేను రోజులు విడవకుండా దగ్గినా, బరువైన బ్యాగును ఒకే భుజానికి వేసుకుని తిరిగినా అక్కడ వాపు రావచ్చు. నేను బొటనవేలితో రెండో పక్కటెముక దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కీలునే నొక్కుకుంటూ కిందికి వస్తాను. మూడో దగ్గరో నాలుగో దగ్గరో మనిషి వెనక్కి జంకి ‘అదే, అదే సార్, ఆ నొప్పే’ అంటాడు. నెలల తరబడి పరీక్షలు చేయించుకున్న మనిషికి తన నొప్పి ఇలా ఒక వేలి కింద దొరకడం ఎంత ఉపశమనమో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. ఇది పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేడి కాపడం, నొప్పి పెంచే పనులకు కొన్నాళ్లు విరామం, అవసరమైతే పారాసిటమాల్ సరిపోతాయి. ఐబుప్రొఫెన్ వంటివి అన్నం తిన్నాక కొద్ది రోజులు వాడవచ్చు గాని, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే, డెంగీ కాదని తేలేవరకు ఆ మాత్రల జోలికే వెళ్లవద్దు.

ఒక మనవి. మీరు మూడో ఈసీజీ తీయించుకుంటే ఒక్క రాత్రి ధైర్యంగా ఉంటుంది, ఆ తరువాత నాలుగోది కావాలనిపిస్తుంది. భయం వల్ల ఊపిరి వేగంగా తీస్తే వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లు ఎక్కి, గుండె దడదడలాడి, ఛాతీ బిగిసి మరో కొత్త నొప్పి మొదలవుతుంది. అది కూడా నిజమైన బాధే. అలా జరుగుతోందనిపిస్తే మానసిక వైద్యుణ్ణి కలవడానికి సంకోచించకండి. అయితే నొప్పి నడకతోనో మెట్లెక్కడంతోనో రావడం మొదలైనా, దానితో స్పృహ తప్పినా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉన్నా, నేను రాసింది పక్కన పెట్టి వెంటనే గుండె వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. ఆరడుగుల పొడవు, బాగా సన్నగా ఉంటాడు. విశాఖలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ఒకరోజు పొద్దున మంచం మీద నుంచి లేస్తుండగా కుడివైపు ఛాతీలో పొడిచినట్టయి ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని చెప్పి, పక్కలో గొట్టం వేసి నీళ్ల సీసాకు కలిపారు. ఐదు రోజులకు ఇంటికి పంపారు. వాడు సిగరెట్లు తాగుతాడని మాకు అప్పుడే తెలిసింది. మళ్లీ వస్తుందా? వచ్చే నెల విమానంలో ఢిల్లీ వెళ్లాలంటున్నాడు. (ఒక తల్లి, అమలాపురం)

జవాబు: అమ్మా, పొడిచినట్టు వచ్చే నొప్పుల్లో నిజంగా తొందరపడవలసిన వాటిలో ఇది మొదటిది. మీ అబ్బాయి స్నేహితులు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లడం మంచిదయింది.

పొడవుగా, సన్నగా ఉండే యువకుల్లో ఊపిరితిత్తి పైకొనలో చిన్న చిన్న గాలి బుడగలు ఏర్పడుతుంటాయి. వాటిలో ఒకటి పగిలితే గాలి ఊపిరితిత్తికీ పక్కటెముకల గోడకీ మధ్య చేరి, ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేస్తుంది. దీనికి పరుగెత్తడమో బరువెత్తడమో అక్కర్లేదు. చాలామందికి ఊరికే ఉన్నప్పుడే వస్తుంది. సిగరెట్ ఈ ముప్పును ఎన్నో రెట్లు పెంచుతుంది, గంజాయి పొగ కూడా అంతే హాని చేస్తుంది. ఆ నీళ్ల సీసాలో బుడగలు రావడం మీరు చూసే ఉంటారు. ఊపిరితిత్తి చుట్టూ చిక్కుకున్న గాలి బయటికి వస్తోందనడానికి అది గుర్తు. బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నదని తేలాకే గొట్టం తీస్తారు.

మళ్లీ వచ్చే అవకాశం ఉంది. మొదటిసారి వచ్చినవారిలో సుమారు మూడింట ఒకవంతు మందికి మళ్లీ వస్తుంది, అందులోనూ మొదటి ఏడాదిలోనే ఎక్కువ. రెండోసారి వస్తే సాధారణంగా చిన్న రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్సతో ఆ బుడగలను తొలగించి, ఊపిరితిత్తి పొరను గోడకు అతుక్కునేలా చేస్తారు. దానితో మళ్లీ రావడం బాగా తగ్గుతుంది. విమానం విషయానికొస్తే, గాలి పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో నిర్ధారించుకుని, ఆ తరువాత కనీసం వారం రోజులు ఆగి, డాక్టరు అనుమతితో వెళ్లవచ్చు. సముద్రం లోతుకు వెళ్లే స్కూబా డైవింగ్‌ను మాత్రం ఇక మానుకోవాలి.

సిగరెట్ సంగతి తెలిసి మీరు ఎంత బాధపడ్డారో మీ ఉత్తరంలోని ప్రతి వాక్యంలోనూ కనిపించింది. అయినా ఇప్పుడు కోప్పడవద్దు. ఊపిరి అందక భయపడ్డ కుర్రవాడు సిగరెట్ మానడానికి ఇంతకన్నా అనుకూలమైన సమయం ఉండదు. తిడితే దాచుకుని తాగుతాడు, అండగా నిలిస్తే మానతాడు. మళ్లీ అలాంటి నొప్పి వచ్చి ఆయాసం పెరుగుతున్నా, పెదవులు నల్లబడుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయమని అతనికీ, అతని గదిలో ఉండేవారికీ చెప్పి ఉంచండి.

ప్రశ్న: మొటిమలకు డాక్టరు డాక్సీసైక్లిన్ ఇచ్చారు. నాలుగు రోజులుగా ఏది మింగినా రొమ్ము మధ్యలో కత్తితో కోసినట్టుంది. నా వయసు 21. (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుని వెంటనే పడుకుంటున్నారా? అలా అయితే ఆ గుళిక అన్నవాహికలో అతుక్కుని అక్కడే కరిగి పుండు చేసి ఉండవచ్చు. ఇనుము మాత్రలతోనూ, కొన్ని నొప్పి మాత్రలతోనూ ఇలాగే జరుగుతుంది. మీ చర్మవైద్యుణ్ణి సంప్రదించి ఆ మందు ఆపండి. చాలామందికి వారం పది రోజుల్లో మానిపోతుంది. ఈలోగా కారం, వేడివేడి కాఫీ, టీలు తగ్గించండి. ఇకమీదట ఏ మాత్రనైనా నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండండి. నీళ్లు కూడా దిగకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: పది రోజుల కిందట వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. మూడు రోజులుగా వెల్లకిలా పడుకుంటే ఛాతీలో పోటు, ఎడమ మెడ వంపు దాకా లాగుతోంది. లేచి మోకాళ్ల మీదికి వంగి కూర్చుంటే హాయిగా ఉంటుంది. రాత్రంతా దిండు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంటున్నాను. వయసు 27. జిమ్‌కు వెళ్లవచ్చా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: జిమ్‌కు వెళ్లవద్దు, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గుండె చుట్టూ ఉండే పొర వాచినప్పుడు వచ్చే నొప్పిని మీరు ఏ డాక్టరూ వర్ణించనంత చక్కగా వర్ణించారు: పడుకుంటే పెరగడం, ముందుకు వంగితే తగ్గడం, మెడ వంపులోకి పాకడం. వైరల్ జ్వరం తరువాత యువకుల్లో ఇది వస్తుంటుంది. ఈసీజీలో ఒక ప్రత్యేకమైన మార్పు కనిపిస్తుంది. పొరలో నీరు చేరిందేమో ఎకోలో చూస్తారు. గుండె కండరం కూడా వాచిందేమో తెలుసుకోవడానికి ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ప్రోటీన్) పరీక్ష చేస్తారు. చికిత్స సాధారణంగా వాపు తగ్గించే మాత్రలు, వాటితోపాటు కొల్చిసిన్. నొప్పి వారంలోనే తగ్గినా, మళ్లీ రాకుండా కొల్చిసిన్‌ను మూడు నెలల వరకు వాడమంటారు. ఈ మందులను మధ్యలో మానేసినవారికే తిరగబెట్టడం నేను ఎక్కువగా చూశాను. కండరం వాచినట్టు తేలితే నెలల తరబడి కఠిన వ్యాయామం మానాలి, ఎందుకంటే వాచిన గుండెతో బరువులెత్తితే లయ తప్పి ప్రాణాపాయం కలగవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, వయసు 29. చెల్లెలి పెళ్లికి ఇండియా వచ్చి, పెళ్లి రోజులకు ఇబ్బంది లేకుండా నెలసరి వాయిదా వేసే మాత్రలు రెండు వారాలు వాడాను. తిరుగు ప్రయాణంలో రోజంతా విమానాల్లోనే గడిచింది. వచ్చిన మూడో రోజు నుంచి ఊపిరి పీలిస్తే కుడి పక్కన పోటు, మెట్లెక్కితే ఆయాసం. ఎడమ పిక్క కొంచెం బరువుగా ఉంది. ప్రయాణ బడలికేనంటారా? (ఒక పాఠకురాలు)

జవాబు: కాదు. పత్రిక అచ్చయ్యేసరికి ఆలస్యమవుతుందని, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లమని మీకు ఈమెయిల్‌లో ముందే రాశాను. ఇక్కడ అచ్చువేస్తున్నది ఇతర పాఠకురాళ్ల కోసం.

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కలోని సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ముక్క ఊడి ఊపిరితిత్తిలోకి చేరితే ఇలాంటి పోటు, ఆయాసం వస్తాయి. కొందరికి దగ్గితే రక్తం పడుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, నెలసరి వాయిదాకు ఎక్కువ మోతాదులో వాడే నోరెథిస్టెరాన్ ఈ ముప్పును కొంత పెంచగలవు. మన ఇళ్లలో పెళ్లికనీ, వ్రతానికనీ, తిరుమల ప్రయాణానికనీ ఈ మాత్రలను మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం మామూలయిపోయింది. లోగడ కాలిలో రక్తం గడ్డకట్టినవారు, ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవారు, ఈమధ్యే కాన్పు లేదా ఆపరేషన్ అయినవారు డాక్టరుతో మాట్లాడకుండా వీటిని వాడకూడదు. సీటీ స్కాన్‌లో గడ్డ కనిపిస్తే రక్తం పలచబరిచే మందులు కనీసం మూడు నెలలు వాడవలసి ఉంటుంది. సకాలంలో గుర్తిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

ప్రశ్న: నెల రోజులుగా సాయంత్రం పూట కొద్దిగా జ్వరం, ఎడమ డొక్కలో ఊపిరి పీల్చినప్పుడల్లా పోటు. గత వారం నుంచి పోటు తగ్గింది గాని ఆయాసం ఎక్కువైంది. నాలుగు కిలోలు తగ్గాను. వయసు 26. (ఒక పాఠకుడు, ఆదిలాబాద్)

జవాబు: పోటు తగ్గడాన్ని చూసి జబ్బు తగ్గుతోందని అనుకోవద్దు. ఊపిరితిత్తి పొరలు వాచి ఒకదానితో ఒకటి రాసుకున్నంతకాలం పోటు ఉంటుంది. వాటి మధ్య నీరు చేరి అవి విడిపోగానే పోటు తగ్గి ఆయాసం మొదలవుతుంది. మన దేశంలో ఈ వయసులో దీనికి ముఖ్య కారణం క్షయ. ఎక్స్‌రే తీసి, సూదితో ఆ నీటిని కొంత తీసి పరీక్షకు పంపుతారు. క్షయ అని తేలితే ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం, సాధారణంగా ఆరు నెలల వైద్యం. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ఆ డబ్బు మీ ఖాతాలో పడేలా బ్యాంకు వివరాలు ఇవ్వండి, ఆ డబ్బుతో గుడ్లు, పప్పులు తినండి.

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు, నిజామాబాద్‌లో దుకాణం నడుపుతాడు. మూడు వారాలుగా మెట్లెక్కినా, బండి తోసినా రొమ్ము మీద బరువు పెట్టినట్టుంటుందట. రెండు నిమిషాలు నిలబడితే పోతుందట. పొడిచినట్టు ఏమీ లేదు కాబట్టి గ్యాసేనని రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాడు. నిన్న అన్నం తిని కూర్చున్నప్పుడు కూడా వచ్చింది. గుట్కా అలవాటుంది. మా నాన్నగారు 48వ ఏట గుండె జబ్బుతో పోయారు. (ఒక అక్క)

జవాబు: ఈ నెల నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన ఉత్తరం మీదే. మీకు కూడా అచ్చు కోసం ఆగకుండా ఫోన్ చేయించాను.

మీ తమ్ముడు ‘పొడిచినట్టు లేదు’ అని ధైర్యంగా ఉన్నాడు, నేను అందుకే భయపడుతున్నాను. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే బరువు, బిగింపు గుండె రక్తనాళం సన్నబడిందనడానికి గుర్తు. మొదట మెట్ల దగ్గర వచ్చింది, ఇప్పుడు కూర్చున్నప్పుడు కూడా వస్తోందంటే పరిస్థితి ముదురుతోందని అర్థం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వచ్చింది. ఇతర దేశాల వారికి 59కి దగ్గరగా వచ్చింది. మనకు ఈ జబ్బు ముందే వస్తుంది. పొగాకును నమిలినా, పీల్చినా, తండ్రి 55 ఏళ్ల లోపు ఈ జబ్బుకు గురై ఉన్నా ఇంకా ముందే రావచ్చు.

ఇప్పటిదాకా తీసిన ఈసీజీ బాగానే ఉందని ఎవరైనా అంటే అక్కడితో ఆగవద్దు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. నొప్పి మొదలైన కొద్దిసేపటికే చేసిన ట్రోపోనిన్ కూడా మామూలుగా ఉండి, కొన్ని గంటల తరువాత మళ్లీ చేస్తే పెరిగి కనిపించవచ్చు. అతన్ని గుండె వైద్యం ఉన్న ఆసుపత్రిలోనే చేర్చండి. మీరు, మీ ఇతర తోబుట్టువులు కూడా కొలెస్ట్రాల్, షుగర్, బీపీ పరీక్షలు చేయించుకోండి.

దారిలోనో ఇంట్లోనో నొప్పి వచ్చి పది నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేసి, ఆస్పిరిన్ పడనివాడు కాకపోతే, రక్తస్రావం జబ్బు లేకపోతే 300 లేక 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రను నమిలి మింగించండి. నొప్పి చీల్చినట్టుగా వీపులోకి పాకుతుంటే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌ను వాట్సాప్‌లో చూసి మీరే ఇవ్వవద్దు, బీపీ బాగా పడిపోవచ్చు. అతను ఎంత బాగున్నానన్నా బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. ఆసుపత్రికి అతను వెనక సీట్లోనే కూర్చుని వెళ్లాలి.